అవతలి గట్టు లేని నీళ్లు

కరోనా సద్దుమణిగిన రెండో ఎండాకాలం, మా బాపు కేకను మైకులో పెట్టి విశాఖపట్నంలో అమ్మారు. అమ్మింది పరాయివాళ్లు కాదు, నా తమ్ముడు శివకృష్ణ. కొన్నవాళ్లు హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, రాజమండ్రి నుంచి సముద్రం చూడటానికి వచ్చినవాళ్లు. పొద్దున్నే టెంటుల్లోంచి లేచి, చేతిలో కాఫీ కప్పులతో బయటికొచ్చి, బాపు గొర్రెలను పిలుస్తుంటే చప్పట్లు కొట్టేవాళ్లు. నేను పక్కన నల్ల గొంగడి కప్పుకుని నిలబడాలి. మే నెల, సముద్రపు ఒడ్డు, ఒళ్లంతా జిగట. గొంగడి కింద చెమట కారుతుంటే నవ్వాలి. నేను నవ్వడం మరిచిపోతే తమ్ముడు దూరం నుంచి సైగ చేసేవాడు.

వాడు వైజాగ్ దగ్గర టూరిస్టుల క్యాంపులో పనిచేస్తాడు. మాఘం వెళ్లాక ఒకరోజు దేవరకొండలో బస్సు దిగి, ఆటోలో మా పల్లెకు వచ్చాడు. అప్పటికి బాపు గోడకు ఆనుకుని కూర్చుని దిగులు పడుతున్నాడు. మా దిక్కు కంది, ఆముదం పండే చెల్కలు. ఎండాకాలం వస్తే గడ్డిపోచ దొరకదు. ప్రతి ఏడూ బాపు మందను తోలుకుని సాగర్ కాలువ కింది ఊళ్లకు వలసపోయేవాడు. నేను ఏడో తరగతి మధ్యలో బడి మానేసింది ఆయన వెనక నడవడానికే. కోతలైన పొలాల్లో మేపి, తొలకరికి తిరిగొచ్చేవాళ్లం. ఆ ఊళ్లలో మిషన్లతో కోసి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం మొదలయ్యాక మేపడానికి జాగా లేకుండా పోయింది.

"బాపూ, ఈసారి కాలువ కిందికి వద్దు. మందను లారీల ఎక్కిద్దాం, వైజాగ్ పోదాం" అన్నాడు శివకృష్ణ.

"వైజాగ్‌ల గొర్లకేం పని రా?"

"పనే పని. మా క్యాంపుకు వచ్చేటోళ్లతోని అన్నీ చేయిస్తున్నం. పడవలు నడిపిస్తం, కొండలెక్కిస్తం, తాళ్లు కట్టి గాల్ల లేపుతం. వాళ్లకు అన్నీ చూసి చూసి యాష్టకొచ్చింది. కొత్తది కావాలంటున్నరు. గొర్ల కాపరితోని పొద్దుగాల నడక. నువ్వు మేపు, వాళ్లు నీ ఎంబడి నడుస్తరు. అంతే."

"నడిచి?"

"ఫొటోలు దిగుతరు."

బాపు వాణ్ని చూసి, "నా ఎంబడి నడ్వనీకె గంత దూరం నుంచి మంది వస్తరా? కన్న కొడుకువు నువ్వే నడ్వకపోతివి" అన్నాడు.

అమ్మ పకపకా నవ్వింది. మా అమ్మ పేరు బక్కమ్మ. పేరుకు తగ్గ మనిషే, నవ్వితే మాత్రం ఇల్లంతా ఆమెదే. సముద్రం అన్న మాట వినగానే ఆమె మనసు లారీ ఎక్కేసింది. "ఆడ గడ్డి ఉన్నదా లేదా, అది చెప్పు కొడుకా" అని అడిగింది.

"కొండకు కొండే పచ్చగున్నదమ్మా."

దాంతో బాపు మెత్తబడ్డాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, మంద ఎండాకాలం దాటి బతకాలి. అది ఉన్ని గొర్రెల మంద. నల్లవి. మా చుట్టుపక్కల అందరూ ఉన్ని గొర్రెలను తీసేసి మాంసం గొర్రెలకు మళ్లారు. బాపు మళ్లలేదు. తన తాత మందలోని నెత్తురే తన మందలో ఉందని ఆయన నమ్మకం. ఇదొకటి పోతే మళ్లీ ఎక్కడా కొనడానికి దొరకదు.

మందలో కొన్ని మా మేనత్త భద్రమ్మవి. మామ పోయాక ఆమెకు మిగిలిన ఆస్తి అవే. లారీ కదిలే ముందు ఆమె వచ్చి ఒక్కొక్క గొర్రె మూతి నిమిరింది. తర్వాత బాపు చెయ్యి పట్టుకుంది.

"అన్నా, నా జీవాలు జర పైలం. గా సముద్రం కాడికి పోనియ్యకు."

"నా కండ్లు నెత్తికెక్కినయా చెల్లే? తొలకరి పడకముందే నీ వాకిట్ల నిలవెడ్త" అన్నాడు బాపు.

*

క్యాంపు భీమిలి పోయే దారిలో ఉంది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సరుగుడు తోట, దాని వెనక కొండ. తమ్ముడు అబద్ధం చెప్పలేదు. కొండ వాలంతా పచ్చగానే ఉంది. గొర్రెలు దిగీదిగగానే తలెత్తకుండా మేశాయి. అది చూసి బాపు మొదటిరోజు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

తమ్ముడు మాకు వేషాలు సిద్ధం చేసి ఉంచాడు. బాపుకు తెల్ల ధోతి, అంగీ, ఎర్ర రుమాలు. నాకు గొంగడి. అమ్మకు ముతక చీర, సరుగుడు చెట్ల కింద మట్టి పొయ్యి. మధ్యాహ్నం వచ్చినవాళ్లకు వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, సాయంత్రం ఇసుకలో తిరుగుతూ తినడానికి మరమరాల మురీ మిక్చర్, చీకటి పడ్డాక నెగళ్ల దగ్గర బొంగులో చికెన్. ఇవి అక్కడ ముందునుంచీ ఉన్నాయి. కొత్తగా చేరింది అమ్మ జొన్నరొట్టె, తలకాయ కూర. తలకాయలు ఊళ్లోని మాంసం కొట్టు నుంచి వచ్చేవి. తన మంద మీద కత్తి పడొద్దని బాపు ముందే మాట తీసుకున్నాడు.

అమ్మ అరచేతుల మధ్య రొట్టె తిప్పుతుంటే చుట్టూ ఫోన్లు లేచేవి. రాజమండ్రి ఆమె ఒకతి రొట్టె తింటూ, "మీ భాష భలే ఉంటుందండీ, సినిమాల్లో కామెడీవాళ్లు మాట్లాడినట్టు" అంది.

"అట్లనా బిడ్డా. నవ్వొచ్చినప్పుడు ఇంకో రొట్టె తిను, మంచిగ అరుగుతది" అని అమ్మ ఇంకొకటి వేసింది. నేను మాత్రం గొంగడి సర్దుకుని గొర్రెల వైపు పోయాను.

బాపును వాళ్లు ఇంకా వింత ప్రశ్నలు అడిగేవాళ్లు. ఈ గొర్రెలకు పేర్లున్నాయా? ఇది నవ్వుతోందా? ఎత్తుకోవచ్చా? బాపు ఓపికగా చెప్పేవాడు. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న పొట్టేలును చూపించి, "ఇగో, బొల్లిగాడు. వీడు ముందట నడిస్తే మందంతా వీని ఎనక నడుస్తది. వీడు నా మాట ఇంటడు. మిగిలినయి వీని మాట ఇంటయి" అనేవాడు.

"మీరు ఎవరి మాట వింటారు తాతా?" అని ఒకామె అడిగింది.

"నా పెండ్లాం మాట. ఆమెనే నన్ను గీడికి తోలుకొచ్చింది" అన్నాడు. అందరూ నవ్వారు. నిజం చెప్పాలంటే బాపుకు ఆ నవ్వులు నచ్చాయి. ఊళ్లో ఆయన మాట వినేవాడు లేడు. ఇక్కడ కార్లలో వచ్చినవాళ్లు వింటున్నారు.

చివర్లో కేక ఉండేది. మంద కొండ మీద చెదిరి మేస్తుంటే బాపు కింద నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర దొప్పలా పెట్టి, "దీయో... దీయ్యో..." అని సాగదీసి పిలిచేవాడు. ఎక్కడెక్కడివో నల్లటి తలలు ఒక్కసారి లేచేవి. కొండంతా కదిలినట్టు గొర్రెలు ఆయన దగ్గరికి పరుగెత్తి వచ్చేవి. నేను పిలిస్తే ఒక్కటీ రాదు. తమ్ముడు సరదాగా వచ్చినవాళ్ల చేత కూడా పిలిపించేవాడు. అవి తలెత్తను కూడా ఎత్తేవి కావు. అప్పుడు మళ్లీ బాపు పిలవాలి, అవి రావాలి, చప్పట్లు పడాలి. దూరం వాళ్లకు వినబడటం లేదని కాలరుకు పెట్టే మైకు తెచ్చారు.

అక్కడ మాకు దొరికిన మనిషి ఎల్లాజీ. చేపలు పట్టేవాడు. ఆ రోజుల్లో వేటకు పోవద్దని నిషేధం ఉండటంతో పడవలన్నీ ఇసుక మీద బోర్లించి ఉన్నాయి. వాళ్లు వలలు బాగుచేసుకుంటూ కూర్చునేవాళ్లు. బాపు వాళ్ల దగ్గరికి పోయి బీడీ ముట్టించేవాడు.

"ఏటి మావా, మీ ఊరు సముద్రానికి ఎంత దూరం?" అని ఎల్లాజీ అడిగేవాడు.

"మాకు సముద్రమెందుకు రా అయ్యా? తాగనీకె రాని నీళ్లు, దాటనీకె రాని నీళ్లు. గిన్ని నీళ్లు పెట్టుకుని ఏం చేస్తున్నరు మీరు?"

"బతుకుతున్నాం మావా. సచ్చిపోతన్నాం. రెండూ దీన్లోనే."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. అమ్మ వాళ్లకు రొట్టెలు పంపేది. ఎల్లాజీ ఇంటి నుంచి చేపల పులుసు వచ్చేది. బాపు ముళ్లు తీసుకోవడం రాక పులుసు మాత్రం తాగేవాడు.

*

ఉన్ని కత్తిరించే రోజు దగ్గరపడింది. తమ్ముడి కళ్లు మెరిశాయి. ఆదివారం పెట్టాడు. రోడ్డు మీద బోర్డు కట్టించాడు. ఉన్ని కత్తిరింపు చూడండి, మీరే కత్తెర పట్టండి, తర్వాత దేవరకొండ భోజనం చేయండి అని.

కత్తిరించే ముందు గొర్రెలను కడగాలి. ఉన్నిలో ఇసుక ఉంటే కత్తెర నడవదు. మా దిక్కు కడగడమంటే కుంట దగ్గరికి తోలుకుపోవడమే. ఈవలి గట్టున ఒకరు నిలబడి బొల్లిగాణ్ని నీళ్లలోకి నెడతారు. బాపు ముందే చుట్టూ తిరిగి పోయి అవతలి గట్టున నిలబడతాడు. అక్కణ్నుంచి కేకేస్తాడు. ఆ గొంతు విని బొల్లిగాడు ఈదడం మొదలుపెడతాడు. వాడి వెనక మందంతా నీళ్లలోకి దూకుతుంది. అవతలి గట్టెక్కేసరికి మట్టి, పేడ కొట్టుకుపోయి నిగనిగలాడుతూ ఒళ్లు దులుపుకుంటాయి. పిల్లగా ఉన్నప్పటి నుంచి వాటికి అదే అలవాటు.

"క్యాంపుల నల్లా నీళ్లతోని కడుగుదాం బాపూ" అన్నాను.

"ట్యాంకర్ నీళ్లన్నా అవి. స్నానాలకే సాలుతలేవు. సముద్రమే ఉన్నది గద. కడుగుడు గూడ చూస్తరు, మంచిగుంటది" అన్నాడు తమ్ముడు.

బాపు ఒప్పుకోలేదు. శనివారం దాకా ఒప్పుకోలేదు. తర్వాత ఒక్కడే ఒడ్డు వెంబడి నడిచి, నీళ్లను పరీక్షగా చూసుకుంటూ చాలా దూరం పోయి తిరిగొచ్చాడు.

"ఒక జాగా దొరికింది. అటు ఇటు ఎగిరి పడుతున్నయి గని నడుమ నీళ్లు పండుకున్నయి. కుంట లెక్కనే ఉన్నది. ఈతలొద్దు. మోకాళ్ల మట్టుకు దించి, ఒక్కొక్కదాన్ని ముంచి తీద్దాం" అన్నాడు.

నాకూ చూపించాడు. నిజంగానే రెండు వైపులా అలలు విరిగి నురగ పెడుతున్నాయి. మధ్యలో ఒక బాట వేసినట్టు నీళ్లు నున్నగా, కొంచెం మట్టి రంగులో, చప్పుడు లేకుండా ఉన్నాయి. మా నల్గొండ జిల్లాలో ఎవరిని తీసుకొచ్చి ఎక్కడ దిగుతావని అడిగినా అక్కడే దిగుతానంటాడు. నీళ్లు ఎగిరే దగ్గర భయం, నిలిచిన దగ్గర నిమ్మళం. మాకు తెలిసిన నీళ్ల చదువు అంతే.

ఆదివారం పొద్దున జనం బాగా వచ్చారు. ఇసుకలో కుర్చీలు వేశారు. ఉప్పు నీళ్లకు పాడవుతుందని తమ్ముడు బాపు కాలరుకున్న మైకు ఊడదీసి జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

బాపు ధోతి ఎగ్గట్టి బొల్లిగాణ్ని కొమ్ము పట్టుకుని దించాడు. వాడు మొరాయించలేదు. నేను ఒడ్డున కట్టె అడ్డం పెట్టి మందను ఆపి ఉంచాను. బాపు వాణ్ని ముంచి, వీపు రుద్ది, "చూడు, గింతే రా, గింతే" అంటున్నాడు. తర్వాత వాడు ఒళ్లు దులుపుకుంటాడని కొమ్ము వదిలాడు.

బొల్లిగాడు తల ఎత్తి చూశాడు. ఎదురుగా నీళ్లు. వాడికి తెలిసిన నీళ్లకు అవతల గట్టు ఉంటుంది. అటు ఈదడం మొదలుపెట్టాడు.

బాపు రెండడుగులు వేసి అందుకోబోయాడు. అందలేదు. ఇంకో రెండడుగులు వేశాడు. పొట్టేలు ఈదుతున్నదానికంటే వేగంగా దూరమవుతోంది, ఎవరో తాడు కట్టి గుంజుతున్నట్టు. బాపు నడుం లోతుకు పోయాడు. ఛాతీ లోతుకు పోయాడు. అప్పుడు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టాడు.

"దీయో... దీయ్యో..."

బొల్లిగాణ్ని వెనక్కి పిలిచాడు. అంతే ఆయన చేసింది.

నా వెనక ఉన్న మంద తలలెత్తింది. నేను కట్టె అడ్డం పెట్టాను. అవి కట్టె కిందినుంచి, మీదినుంచి, నా కాళ్ల సందులోంచి పోయాయి. నన్ను పడేసి పోయాయి. నీళ్లలోకి ఒకదాని వెనక ఒకటి, బాపు గొంతు ఉన్న దిక్కుకు. ఆయన నీళ్లు మింగుతూ, దగ్గుతూ ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. ఆయన చూపు బొల్లిగాడి మీదే ఉంది. వెనక ఏం వస్తున్నాయో చూడలేదు. అవి ఆయన దాకా వచ్చి, ఆయనకు రెండు పక్కల నుంచీ దాటి పోయాయి.

కుర్చీల దగ్గర చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో ఈల వేశారు. నిజంగా అది చూడటానికి అందంగా ఉండి ఉంటుంది. ఎండలో మెరిసే నీళ్లు, వాటి మీద బారుగా నల్లటి తలలు.

పడవల దగ్గర నుంచి ఎల్లాజీ పరుగెత్తుకొస్తున్నాడు. చేతిలో తాడు. అంత దూరం నుంచే అరుస్తున్నాడు.

"పిలవకు మావా! పిలవకు! పిలవకు!"

బాపుకు వినబడలేదు. ఎల్లాజీ నడుముకు తాడు కట్టుకుని దూకాడు. ఇద్దరు తాడు ఇవతలి కొస పట్టుకున్నారు. వాడు బాపు చంకల కింద చెయ్యి వేసి, రెండో చేత్తో ఆయన నోరు గట్టిగా మూశాడు. అలాగే ఒడ్డుకు ఈడ్చుకొచ్చారు. ఇసుకలో పడుకోబెట్టాక కూడా వాడు చెయ్యి తియ్యలేదు. ఒడ్డున ఇంకో నాలుగు గొర్రెలు మిగిలి ఉన్నాయి. వాటి మెడలు అమ్మ కావలించుకుని ఉంది.

గొర్రెలు అరవలేదు. మునిగేటప్పుడు గొర్రె అరవదు. అందుకే ఎవరికీ అర్థం కావడానికి చాలా సేపు పట్టింది. చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. కుర్చీలోంచి లేచిన ఒకామె నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది.

"అవి తిరిగొస్తాయి కదండీ?"

నేను అమ్మ దగ్గరికి పోయి, ఆ నాలుగు గొర్రెలను అందుకున్నాను.

*

ఎల్లాజీ నాతో తర్వాత అన్నాడు. "కెరటం లేని కాడ దిగినారేటి బావా? ఆడే కదా లోపలికి లాగేత్తాది. మా ఈడ చంటిపిల్లకి తెలుసు. మీకెవులూ సెప్పనేదా?"

ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెప్తారు? నిప్పు కాలుతుందని ఇంటికొచ్చిన చుట్టానికి ఎవరైనా చెప్తారా? తమ్ముడికి కూడా తెలుసు. అది ఆ సాయంత్రం తెలిసింది నాకు. పడవలు నడిపేవాళ్లకు ఆ చోటు వద్దని వాడే రోజూ చెప్తాడట. మేము దిగే చోటు వాడు చూడలేదట. కుర్చీలు సరిగా పడ్డాయా లేదా చూస్తున్నాడట. నేను వాణ్ని కొట్టలేదు. చెయ్యి లేవలేదు. అందరమూ తలకు దెబ్బ తగిలినవాళ్లలా తిరుగుతున్నాం.

క్యాంపులో ఆ మధ్యాహ్నం భోజనాలు మామూలుగానే పెట్టారు. మర్నాడు పడవలు నీళ్లలోకి దిగాయి. రోడ్డు మీది బోర్డు మాత్రం తీసేశారు.

ఆ రాత్రీ మర్నాడూ మా పొయ్యి వెలగలేదు. ఎల్లాజీ భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు గిన్నెల మీద గుడ్డలు కప్పి అన్నం, పులుసు తెచ్చారు. మనిషి పోయిన ఇంటికి తెచ్చినట్టు తెచ్చారు. అమ్మ పక్కన కూర్చుని, మాటలు కలవకపోయినా, ఆమెతో పాటు ఏడ్చారు. ఆ ఊరిని తిట్టుకోవాలని ఇప్పటికీ నోటి దాకా వస్తుంది. ఆ గిన్నెలు గుర్తొచ్చి ఆగిపోతాను.

సోమవారం నుంచి గొర్రెలు ఒడ్డుకు రావడం మొదలైంది. కొన్ని దూరంగా వేరే పల్లె దగ్గర తేలితే, అక్కడి చేపలవాళ్లు రిక్షా బండిలో వేసుకుని తెచ్చారు. ఒక్కటి కూడా ఎవరూ ఉంచుకోలేదు. బాపు సరుగుడు చెట్ల కింద కూర్చుని, వచ్చినదాని తల ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో గుర్తుపట్టేవాడు. మాలో ఒక కట్టడి ఉంది. మందలో వేరేవాళ్ల జీవం చస్తే కాపరి దాని చెవి కోసి తెచ్చి, సొంతదారుకు చూపించాలి. చెవి మీది కోత గుర్తు చూసి వాళ్లు నమ్ముతారు. చెవి తేకపోతే అమ్ముకున్నాడనో, తిన్నాడనో అర్థం. బాపు భద్రమ్మ అత్త గొర్రెల చెవులు ఒక్కొక్కటే కోసి, ఉప్పు రాసి, తన ఎర్ర రుమాల్లో చుట్టాడు. ఆయన గొర్రెలను కూడా అలాగే ఒక్కొక్కదాన్నీ తడిమి చూసి గోతిలో దించాడు. బొల్లిగాడు రాలేదు.

అత్తది ఒకటి రాలేదు. ఈనడానికి ఉన్న గొర్రె. దాని కోసం బాపు రోజూ పొద్దున్నే ఒడ్డు వెంబడి నడిచేవాడు. ఇంటికి పోదాం అంటే కదిలేవాడు కాదు.

"చెవి లేకుంట చెల్లె ముందట ఎట్ల నిలవడుదు రా గిరిగా?" అనేవాడు.

తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు. గడ్డం పెరిగి వాడి ముఖం కూడా పీక్కుపోయింది.

"అన్నా, ఊర్ల ఒక్కటే మాట చెప్పుదాం. పెద్ద అల వచ్చింది, గుంజుకపోయింది. బాపు పిలిచిండు అన్న ముచ్చట ఎవ్వలికీ వద్దు. ఆయనకు గూడ తెల్వనియ్యకు. ఆయన మొత్తం బొల్లిగాని ఎంబడి పోయినయి అనుకుంటున్నడు. అట్లనే అనుకోని."

"ఫోన్లల్ల తీసిండ్రు గద అందరూ."

"తీసిన వాళ్లను బతిమాలి తుడిపించిన. దొరికిన కాడికి."

జీవితంలో మొదటిసారి నేను వాడి మాటకు తల ఊపాను. ఎల్లాజీ కూడా ఒట్టేశాడు. ఆ కేక గురించి ఎవరం మాట్లాడలేదు. మాకు మిగిలింది బాపు ఒక్కడే, ఆయన్నయినా మిగుల్చుకోవాలి అనుకున్నాం.

మిగిలిన మా నాలుగు గొర్రెలను ఎల్లాజీ ఇంటి దగ్గర కట్టేసి, బాపును బలవంతంగా బస్సెక్కించాం. శివకృష్ణ రాలేదు. సీజను నడుస్తోంది అన్నాడు. మొహం చూపించలేక అన్నాడో, నిజంగానే అన్నాడో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

*

మా పల్లెలో దిగేసరికి మబ్బు పట్టి ఉంది. వాన ఇంకా పడలేదు. బాపు ఇంటికి పోలేదు. నేరుగా భద్రమ్మ అత్త వాకిలికి నడిచాడు. వెనక అమ్మ, నేను. మమ్మల్ని చూసి పక్కింటి లింగయ్య, ఇంకో నలుగురు వచ్చి చేరారు. సంగతి ఫోన్లో ముందే తెలిసింది. అయినా అందరి కళ్లూ మా వెనక దారి మీదికే పోతున్నాయి, మంద కోసం.

అత్త గడప మీద కూర్చుని ఉంది. బాపు వంగి, రుమాలు మూట ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఒకటి తక్కువున్నది చెల్లే. దొరకలే. నమ్ము."

అత్త మూట విప్పలేదు. చేత్తో తాకి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"గంత మందకు మంద ఎట్ల పోయిందే భిక్షం? ఏం జరిగింది?" అని లింగయ్య బాపును అడిగాడు.

నేను ముందుకొచ్చాను. దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాటే. "పెద్ద అల వచ్చింది కాకా. తాటిచెట్టంత. ఒక్కటే గుంజుడు..."

"అల రాలే" అన్నాడు బాపు.

నా వైపు చూడలేదు. అత్తను చూస్తూ చెప్పాడు.

"అల గిల ఏం రాలే. అవి గట్టు మీదనే ఉండె. నేను నీళ్లల్ల నిలవడి పిలిచిన. వచ్చినయి."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆయనకు ఎవరు చెప్పారో, ఎప్పుడు తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు. అన్ని రోజులు సరుగుడు చెట్ల కింద తలలు ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఆయనకు తెలిసే ఉందేమో. మేము ఆయన దగ్గర దాచాం. ఆయన మా దగ్గర దాచాడు.

అత్త కళ్లు తుడుచుకుంది. అన్నను ఊరడించాలి అనుకుంది పాపం. ఆమెకు తోచిన మంచి మాట అదే.

"నువ్వు పిలిస్తే రాకుంట ఎట్లుంటయన్నా" అంది.

అని, దూరం నుంచి వచ్చిన మనిషికి కాళ్లకు నీళ్లివ్వాలని లోపలికి పోయింది. చెంబుతో తిరిగొచ్చేసరికి బాపు వాకిట్లో మన్నులో కూలబడి ఉన్నాడు. రెండు చేతులతో తన నోరు తానే గట్టిగా మూసుకుని ఉన్నాడు. మేము ముగ్గురం పట్టి లాగినా ఆ చేతులు రాలేదు.